19 ఏళ్లకే క్యాన్సర్... తర్వాత వరుసగా 1,064 మ్యాచ్‌లు!

ఐస్ హాకీలో గోల్స్ మోత మోగించిన అమెరికన్ వింగర్ ఫిల్ కెసెల్. 2006లో బోస్టన్ బ్రూయిన్స్ జట్టులో చేరిన కొద్ది నెలలకే వృషణ క్యాన్సర్ బయటపడింది. అప్పటికి అతని వయసు 19. శస్త్రచికిత్స చేయించుకుని, 11 మ్యాచ్‌లకు మాత్రమే దూరమై, మరుసటి నెలలోనే మళ్లీ బరిలోకి దిగాడు. 2009 నవంబరు నుంచి లీగ్ దశలో ఒక్కటీ వదలకుండా 1,064 మ్యాచ్‌లు ఆడి ఎన్‌హెచ్‌ఎల్ రికార్డు సృష్టించాడు. ఖాతాలో 413 గోల్స్, 3 స్టాన్లీ కప్‌లు!

ఈ క్యాన్సర్ ఎక్కువగా 15-35 ఏళ్ల మధ్య వస్తుంది. తొలిదశలో పట్టుకుంటే దాదాపు అందరికీ నయమవుతుంది. చిక్కల్లా సిగ్గుతోనే. గడ్డ తగిలినా కుర్రాళ్లు ఇంట్లో చెప్పరు.

వేటిని గమనించాలి?
* వృషణంలో గట్టి గడ్డ, వాపు, బరువుగా అనిపించడం. చాలాసార్లు నొప్పి ఉండదు. నొప్పి లేదని ఊరుకోవద్దు.
* పుట్టుకతో వృషణం కిందికి దిగనివారికి ముప్పు ఎక్కువ.
* అప్పుడప్పుడు వేడినీళ్ల స్నానం తర్వాత వేళ్లతో మెల్లగా తడిమి చూసుకోవాలి.

అనుమానముంటే వెంటనే డాక్టరుకు చూపించండి. అల్ట్రాసౌండ్, రక్తపరీక్షలతో చాలావరకు తేలిపోతుంది. ఒక వృషణం తీసేసినా, రెండోది బాగుంటే దాంపత్యానికీ, సంతానానికీ సాధారణంగా ఇబ్బంది ఉండదు. కీమోథెరపీ అవసరమైతే ముందుగానే వీర్యం భద్రపరచుకోవచ్చు.

హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తే మాత్రం అది వృషణం మెలిపడటం కావచ్చు. గంటల్లోనే ఆసుపత్రికి చేరాలి.

అబ్బాయి తనంతట తాను చెప్తాడని ఎదురుచూడకండి. ఈ మాట ముందు మీరే ఎత్తండి.