కారు ఆయిలు ఫిల్టరు



ఇంటి కుఱ్ఱవారు కారు ఆయిలు ఫిల్టరును తామే మార్చెదమనిన పెద్దలు ప్రక్కన నిలిచి చూడవలసిన సంగతులు కొన్ని కలవు.

ఇంజనులో లోహము లోహముతో ఒరయకుండ కాపాడునది పలుచని నూనెపొర. అడుగు తొట్టిలోని నూనెను పంపు లాగి ఫిల్టరులోనికి నెట్టును. అచ్చట వడకట్టబడి అది తిరుగు భాగములకు పోవును. 1923 ప్రాంతమున అమెరికాలో ఎర్నెస్టు స్వీట్లాండు అనునతడు కారునకిట్టి ఫిల్టరును కల్పించెను. డబ్బా లోపల మడతలుగా పెట్టిన కాగితముండును. అది మురికితో పూడినచో ఒక చిన్న కవాటము తెరచుకొని వడకట్టని నూనెనే లోనికి విడుచును. బొత్తిగా నూనె లేకుండుటకంటె అదియే నయమని చేసిన యేర్పాటు. కావున బండి నడచుచునే యుండును, లోపల అరుగుచునే యుండును.

పెక్కు కార్లలో ఫిల్టరు మంచినీళ్ల గ్లాసంత ఇనుపడబ్బా. బానెట్టెత్తి ఇంజను ప్రక్కలను చూడుడు. కానరాదేని క్రిందినుండి నూనెతొట్టి దాపున వెదకవలయును. కొన్నిటిలో పైననే మూతక్రింద ఉత్త కాగితపు చుట్ట యుండును; వానికి కారుతో వచ్చిన పుస్తకమే ప్రమాణము. జాకీపై మాత్రమే నిలిచిన బండిక్రిందికి ఎవ్వరిని దూరనీయకుడు. జాకీ జారిన ప్రాణము పోవును. గట్టి స్టాండ్లు పెట్టి, చక్రములకు అడ్డుకట్టలు వేసిన పిమ్మటనే పని.

ఇంజను కొంచెము వెచ్చబడినపుడు ఆపి, అడుగు ప్లగ్గు విప్పి పాతనూనెను పళ్లెములోనికి దింపవలయును. తరువాత డబ్బాను ఎడమవైపునకు త్రిప్పి ఊడదీయవలయును.

ఇచ్చటనే మా మేనల్లుడు పొరబడెను. పాతడబ్బా రబ్బరు వాషరు ఇంజనునకే అంటుకొని యుండగా, చూడక దానిపై క్రొత్తది బిగించెను. బండి మా వీధి మలుపు తిరుగకమునుపే నూనె నేలపాలయ్యెను. ఎఱ్ఱదీపము చూచి వెంటనే ఆపినాడు గనుక ఇంజను దక్కినది. ఆదేశము వచ్చినచో స్థాని తొలగవలయునని పిల్లలకు వ్యాకరణము చెప్పిన నేను ప్రక్కనే నిలిచియు గమనింపనైతిని!

క్రొత్త వాషరునకు క్రొత్తనూనె పూసి, డబ్బాను చేతితోనే త్రిప్పవలయును. వాషరు తగిలిన పిమ్మట సాధారణముగా ముప్పాతిక చుట్టు చాలును. సరియైన కొలత డబ్బాపై ముద్రించియుండును. పానాతో బిగింపరాదు. ప్లగ్గు మరల బిగించి, పుస్తకము చెప్పినంత నూనె పోసి, ఇంజను నడిపించుడు. కొన్ని క్షణములలో నూనెదీపము ఆరవలయును. ఆరనిచో వెంటనే ఆపుడు. క్రింద బొట్టు పడుచున్నదేమో చూచి, ఇంజను ఆపి, కొంత తడవునకు కొలకడ్డీతో నూనెమట్టము పరీక్షింపుడు.

పాతనూనెను కాలువలోగాని నూతిదరిగాని పోయక, డబ్బాలో పట్టి, అట్టి నూనెను సేకరించు మెకానిక్కున కిచ్చివేయుడు.