ఉక్కు ఊళ్లో చప్పుడు లేని బండి

జంషెడ్‌పూర్‌లో బండిని చూసే కన్ను వేరు. కద్మాలో మరీ వేరు. కంపెనీ క్వార్టర్లు, కేడీ ఫ్లాట్లు, ఉలియాన్ సందులు, గణేశ్ పూజా మైదానం, బజారు కలిసిన ఈ పేటలో మన ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వచ్చి తరాలుగా స్థిరపడ్డ కుటుంబాలున్నాయి. ఒకరింట్లో రేకు మిల్లులో చేసినవారుంటే, మరొకరింట్లో టెల్కోలో లారీలు బిగించినవారుంటారు. 1945లో రైలింజన్ల కోసం పుట్టిన టెల్కో, 1954 నుంచి జర్మనీ డైమ్లర్-బెంజ్ తోడుతో లారీలు చేసింది. ఈ ఊరికి బండంటే ముందుగా బరువు మోసేదే.

అందుకే ఇక్కడ కొత్త కారు ఆగితే పెద్దవాళ్లు ముందు రంగు చూడరు. తలుపు అంచు వెంట బొటనవేలు నడిపిస్తారు. "సందు పైనా కిందా ఒక్కలా ఉందా బాబూ?" అని అడుగుతారు. ఆ అడగడంలో హక్కుంది. కార్ల ఒంటికి వాడే పలచని రేకు ఈ ఊళ్లోనే తయారవుతోంది మరి. టాటా స్టీల్, జపాన్ నిప్పన్ స్టీల్ 51:49 వాటాలతో పెట్టిన జేసీఏపీసీపీఎల్ కర్మాగారం సామర్థ్యం ఏడాదికి 6 లక్షల టన్నులు. చల్లగా సాగదీసిన రేకు పెళుసుబారుతుంది. దాన్ని ఆగకుండా నడిచే వరుసలో కాచి, లెక్కప్రకారం చల్లారిస్తే, అచ్చులో నొక్కినప్పుడు చిరగకుండా వంగుతుంది. కారు బుగ్గ మీద కనిపించే ఆ నునుపైన మలుపు అక్కడే మొదలవుతుంది.

టొయోటా ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్‌ని నేను నడిపింది సాయంత్రపు కద్మా బజారులో. కూరల బళ్లు, స్కూటర్లు, పూజ సామాను కొనేవాళ్లు. బటన్ నొక్కితే ఏమీ వినబడలేదు. డ్యాష్‌బోర్డు మీద పచ్చదీపం వెలిగింది, బండి కదిలింది, అంతే. 1987 సీసీ పెట్రోలు ఇంజన్, కరెంటు మోటారు కలిసి 186 పీఎస్ ఇస్తాయని కాగితం మీద ఉంది. బజారులో ఆ 186తో పనేముంది? అక్కడ నన్ను గెలిచింది ఆ నిశ్శబ్దం. బ్రేకు వేసిన ప్రతిసారీ మోటారు జనరేటరుగా మారి, చక్రాల వేగాన్ని కరెంటు చేసి బ్యాటరీకి పంపుతుంది. మామూలు బండిలో ఆ శక్తంతా బ్రేకుల దగ్గర వేడై గాలిలో కలిసిపోతుంది. ఆగుతూ సాగే దారే ఈ బండికి లాభం. కంపెనీ చెప్పే 23.24 కిలోమీటర్ల మైలేజీ సంగతి ఎలా ఉన్నా, ఇంజన్ ఎక్కువసేపు నిద్రపోయిన మాట నిజం. 1997లో ప్రియస్‌తో టొయోటా జనంలోకి తెచ్చిన ఈ ఏర్పాటు, 2005లో లెక్సస్ ఆర్‌ఎక్స్ 400హెచ్‌తో విలాసవంతమైన క్రాసోవర్లకెక్కింది. ఇప్పుడు మన ఏడు సీట్ల కుటుంబ బండికి దిగింది.

ఖర్కాయీ నది పక్కన కద్మా నుంచి సోనారి వైపు సాగే మెరైన్ డ్రైవ్‌లో కథ మారుతుంది. పెడల్ గట్టిగా తొక్కితే ఇంజన్ గొంతు వేగం కంటే ముందు పెరుగుతుంది. గేర్లు మారే కుదుపుకు అలవాటుపడ్డ పాదానికి ఇది కాసేపు కొత్తే.

అదే దారిలో టాటా కర్వ్ వేరే స్వభావం చూపింది. 2024లో వచ్చిన ఈ కూపే ఎస్‌యూవీలో నేను నడిపింది 1.2 లీటర్ల హైపీరియన్ పెట్రోలు, 125 పీఎస్. స్టీరింగ్‌లో బరువుంది, మలుపులో ఒళ్లు ఊగదు. వెనక్కి వాలిన కప్పు అందమే. కాని వెనక సీట్లోకి ఎక్కే పొడగరి తల వంచాలి, చీర కట్టుకున్న అత్తయ్యలు కుచ్చిళ్లు సర్దుకుంటూ మరికాస్త జాగ్రత్తపడాలి. కుర్రవాళ్లకు ఇవేవీ పట్టవు. వాళ్లు 2008లో టాటాలు ఫోర్డ్ నుంచి జాగ్వార్ ల్యాండ్‌రోవర్‌ని కొన్న సంగతి, టాటా హ్యారియర్ అడుగు నిర్మాణం ల్యాండ్‌రోవర్ వంశానిదన్న సంగతి ఇంటి ముచ్చట్లా చెప్పుకుంటారు. నది అవతల ఆదిత్యపూర్ షెడ్లలో వాహనాల విడిభాగాలు చేసే ఊరు కనుక ఆ గర్వం నాకు సహజంగానే తోచింది.

నన్ను ఎంచుకోమంటే హైబ్రిడ్‌కే ఓటు. కద్మా కుటుంబానికి కారు అంటే బజారు ఒకటి, సొంతూరి ప్రయాణం ఒకటి. బహరాగోడా, బారిపదా మీదుగా బాలేశ్వర్ దాకా 18వ నంబరు జాతీయ రహదారి, అక్కణ్ణుంచి శ్రీకాకుళం దాకా 16వ నంబరు. ఆ దూరం వెళ్లి అమ్మమ్మ నడుము నొప్పి లేకుండా దిగాలంటే రెండో వరుసలో కాళ్లు చాపుకునే చోటే అసలైన విలాసం. అయితే ధర తక్కువేం కాదు. పై రకాలు 30 లక్షలు దాటుతాయి. అందుకే తలుపు సందు చూసిన పెద్దలు తర్వాత అడిగే మాట ఒక్కటే: "మరి బ్యాటరీ పోతే?" హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది. ఆ కాగితం షోరూములోనే చదివి, సంతకం పెట్టించుకుని తెచ్చుకోవాలి.