డిజిటలు ద్రవ్యవ్యవహారమును మన నేతపరిశ్రమయు

చీరాల, పేరాల, జాండ్రపేట, వేటపాలెములయందు చేనేత తాతలనాటి వృత్తి. చేమగ్గమునకు విద్యుచ్ఛక్తి యక్కఱలేదు. దానివలన పొగయు రాదు. అయినను ఈ పరిశ్రమయం దొక మచ్చ కలదు. అది మగ్గముకడ లేదు. చిలపనూలునకు రంగువేయు తొట్టికడ నున్నది.

పూర్వము మన తీరమున దొరకు చిరివేరునుండి ఎఱ్ఱరంగు తీయుచుండిరి. 1868లో గ్రేబే, లీబర్మన్ అను జర్మను శాస్త్రజ్ఞులు అలిజరిన్ అను ఎఱ్ఱరంగును ప్రయోగశాలలో చేయగలిగిరి. క్రమముగా వేరులు పోయి రసాయనపు రంగులు వచ్చినవి. నేడు ప్రత్తినూలునకు వాడు పెక్కురంగులు అంటుటకు ఉప్పును సోడాయు విరివిగా కావలయును. అంటని రంగు కడుగునీటితో కాలువలో కలియును. నీటినుండి రంగును తీయవచ్చును గాని, కరగిన ఉప్పును తీయుట మిక్కిలి ఖర్చుతో కూడిన పని. అది చేరిన నేలయు బావులును చవుడు పట్టును. కొన్ని ఆజో రంగులనుండి పుట్టు పదార్థములు పుట్టకురుపు కలిగింపగలవు. కావున అట్టివానిని జర్మనీ 1994లోను, మన దేశము 1997లోను నిషేధించినవి.

దీనికి ఉపాయములు లేకపోలేదు. నూలునకు బాగుగా అంటు రంగులు, తక్కువ నీరు చాలు పాత్రలు, వేడిని వృథాచేయని పొయ్యిలు, రంగునీటిని శుద్ధిచేయు తొట్లు ఉన్నవి. లేనిది ఒక్కసారిగా పెట్టవలసిన పైకము. నూలును రంగును అరువు తెచ్చి, వెల కొఱకు నెలలతరబడి కాచుకొనువాడు చౌకరంగునే కొనును. బ్యాంకునకు పోయిన, హామీగా చూపుటకు అతనికి ఆస్తి యుండదు.

ఇచ్చటనే డిజిటలు ద్రవ్యవ్యవహారము తోడ్పడగలదు. 2016లో వచ్చిన యూపీఐ మూలమున ఫోనుద్వారా పుచ్చుకొను ప్రతి రూపాయయు ఖాతాలో ఒక పంక్తి వ్రాయును. ఏడాది పంక్తులు అతని వ్యాపారమునకు సాక్ష్యము. 2021 నుండి అకౌంటు అగ్రిగేటరు అను ఏర్పాటువలన, ఖాతాదారుని సమ్మతితో ఆ సాక్ష్యమును అప్పిచ్చువారు చూడగలరు. 2017లో ప్రారంభమైన ట్రెడ్సు పద్ధతిలో, పెద్ద కంపెనీ అంగీకరించిన బిల్లుపై బ్యాంకులు పోటీపడి, కొంత తగ్గించుకొని, చిన్న వ్యాపారికి ముందే సొమ్మిచ్చును. కెన్యాదేశమున 2007లో ఎం-పెసా అను ఫోనుచెల్లింపు వచ్చిన పిదప, పేదకుటుంబములు కిరసనాయిలు దీపమునకు మాఱుగా సౌరదీపమును చిన్నచిన్న వాయిదాలతో కొనగలిగినవి.

అయినను రెండు జాగ్రత్తలు వలయును. పైకమునకు మంచిచెడ్డలు తెలియవు. త్వరగా దొరకిన అప్పుతో చౌకరంగే మఱింత కొనవచ్చును. కావున శుభ్రమైన పరికరమునకిచ్చు అప్పుపై వడ్డీ తగ్గించి, వాడిన నీటిని, కట్టెలను గూడ లెక్కలో చేర్చవలెను.

రెండవది ఇంతకంటె ముఖ్యము. మనలో పెక్కుమంది షావుకారు కడ మజూరీకి నేయువారు. నూలును బిల్లును అతని పేరనే యుండును. రాష్ట్రప్రభుత్వము 2019 నుండి 2023 వరకు నేతకుటుంబములకు ఏటికి 24,000 రూపాయలు నేరుగా బ్యాంకుఖాతాలలో వేసినది. కాని అది సొంతమగ్గము గలవారికే. డిజిటలు అప్పును అట్టిదే: లెక్కలో పేరులేనివానిని అది చూడదు. మజూరీయైనను నేతగాని సొంతఖాతాలో పడిననాడు అతని పేర సాక్ష్యము మొదలగును.

విద్యార్థులారా! చదువురాని తలిదండ్రులకు ఫోనులో వచ్చిన సందేశమును చదివి చెప్పుడు. రహస్యసంఖ్యను ఎవరికిని తెలుపవలదని హెచ్చరింపుడు. తలిదండ్రులారా! మజూరీని మీ ఖాతాలోనే పుచ్చుకొనుడు. చీరవెలను లెక్కించునపుడు అందఱమును బావినీటి వెలను గూడ కలిపి లెక్కింపవలెను. ఆ లెక్క నేర్చిన పట్టణమునకే ఈ క్రొత్త ద్రవ్యము మేలుచేయును.