ఆరు మీటర్ల నీళ్లంటే ఎన్ని నీళ్లు?

సిరిసిల్ల జిల్లాలో భూగర్భ జలాలు ఒక్క ఏడాదిలో ఆరు మీటర్ల దాకా పైకొచ్చాయని 2020లో పేపర్లు రాశాయి. ముస్సోరీలో కొత్త ఐఏఎస్‌లకు పాఠాలు చెప్పే అకాడమీ దాకా పోయింది ఆ ముచ్చట. ఎండాకాలం బావి అడుగున చెంబు కూడా మునగని రోజులు చూసిన మాలాంటి వాళ్లకు అది పండుగ వార్తే. ఆరు మీటర్లంటే దాదాపు ఇరవై అడుగులు. మరి బిడ్డలూ, ఆరు మీటర్ల నీళ్లంటే ఎన్ని నీళ్లు?

ఆ లెక్క తేలాలంటే ముందు మన కాళ్ల కింద ఏముందో చూడాలి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అంతా రాతి సీమ. కరీంనగర్ దిక్కు తవ్వే గ్రానైటు 'టాన్ బ్రౌన్' పేరుతో దేశదేశాల ఇళ్లకు పోతుంది, అంత గట్టిది. పైన చల్క మట్టి. దాని కింద రాయి చివికి అయిన మొరం. ఇంకా కింద పగుళ్లున్న రాయి. దాని కిందంతా బండే. నీళ్లుండేది మొరంలో, పగుళ్లలో. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు ఫ్రాన్స్ వాళ్లతో కలిసి మహేశ్వరం దగ్గర ఇలాంటి నేల మీదే ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. నీళ్లిచ్చే పగుళ్లు ఎక్కువగా పై ముప్పై, నలభై మీటర్లలోనే ఉంటాయని, లోతుకు పోయినకొద్దీ తగ్గిపోతాయని తేల్చారు. అంటే అప్పు తెచ్చి వెయ్యి ఫీట్ల బోరు వేసే రైతు చాలాసార్లు వట్టి బండకే డబ్బు పోస్తున్నాడు. తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఒక బకెట్ నిండా మొరం పోసి, నీళ్లతో నింపి, అడుగున చిల్లు పెట్టి చూడండి. పోసినన్ని నీళ్లు బయటికి రావు. కొంత నీరు రేణువులను అంటిపెట్టుకునే ఉంటుంది. బకెట్లో వదులుగా పోసిన మొరం కాస్త ఎక్కువే వదులుతుంది కానీ, నేలలో బిగుసుకున్న మొరం అంత కూడా ఇవ్వదు. చివికిన గ్రానైటు నేల తన మందంలో నూటికి ఒకటిన్నర నుంచి మూడు పాళ్ల నీళ్లే ఇస్తుందని మన దేశంలో భూగర్భ జలాల లెక్కకు వాడే ప్రమాణం. రెండు పాళ్లే అనుకుందాం. ఆరు మీటర్లలో రెండు పాళ్లంటే 12 సెంటీమీటర్లు. అర జానెడు!

సిరిసిల్ల జిల్లా సుమారు 2000 చదరపు కిలోమీటర్లు. జిల్లా అంతటా ఆరు మీటర్లూ పెరిగిందనుకున్నా, వచ్చి చేరింది 24 కోట్ల ఘనపు మీటర్లు, అంటే ఎనిమిదిన్నర టీఎంసీలు. మన జిల్లాలోని మధ్య మానేరు రిజర్వాయరు పట్టే నీళ్లలో మూడో వంతు. చిన్న సంగతేం కాదు. కానీ వరి సంగతి చూడండి. ఒక పంటకు 1200 మిల్లీమీటర్ల దాకా నీళ్లు కావాలి. మనకు పెరిగింది 120. పదెకరాల కింద పెరిగిన నీళ్లన్నీ తోడితే ఎకరం వరికి సరిపోతాయి. మడిలో పెట్టిన నీళ్లలో సగం దాకా మళ్లీ భూమిలోకే దిగుతాయని లెక్కేసినా, రెండెకరాలు దాటదు.

మన బావులు దసరాకు నిండి, యాసంగిలో మోటర్లు నడిచేసరికి అడుగంటేది ఇందుకే. గంగా మైదానపు ఇసుక నేలలో అవే 12 సెంటీమీటర్ల నీళ్లు ఇంకితే మట్టం మీటరు కూడా పెరగదు. తోడినా అంతే నింపాదిగా దిగుతుంది. మన రాతి నేల కొంచెం నీటికే పొంగుతుంది, కొంచెం తోడితేనే కుంగుతుంది. కాబట్టి మీటర్లు చూసి మురిసిపోవద్దు, బెంబేలు పడొద్దు. ఘనపు మీటర్లలో ఆలోచించాలి.

మరి ఆ నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయి? 2019లో మధ్య మానేరులో నీళ్లు నిలిచాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీశారు. ఆ మధ్య వానలూ బాగానే పడ్డాయి. మూడింటిలో దేని వాటా ఎంతో తేల్చకుండా ఒక్కదానికే పేరు కట్టబెట్టడం సైన్సు కాదు. తేల్చే దారి ఉంది. రిజర్వాయరుకు ఆనుకుని ఉన్న బోయినపల్లి దిక్కు బావులను, దూరంగా ఎగువన ఉన్న రుద్రంగి దిక్కు బావులను ఒకే తేదీన కొలవాలి. రెండు చోట్లా వాన ఒకే తీరుగా పడి, మట్టం మాత్రం ఒక దిక్కే ఎక్కువ పెరిగితే, ఆ తేడా చాలావరకు రిజర్వాయరుదే. చెరువు కింది బావులను, చెరువు లేని ఊళ్ల బావులనూ ఇట్లాగే పక్కపక్కన పెట్టి చూడాలి.

పైన పారే నీళ్లు పక్క బావులకు చేరతాయన్న సంగతి జగిత్యాల, కోరుట్ల వాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. గోదావరి మీది పోచంపాడు ప్రాజెక్టుకు 1963 జూలై 26న నెహ్రూ పునాదిరాయి వేశారు. అక్కడినుంచి వచ్చే కాకతీయ కాలువ మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల మీదుగా దిగువ మానేరుకు పోతుంది. కాలువ పారితే పక్క బావుల్లో ఊట పెరుగుతుంది. దాదాపు తొమ్మిది నెలలు నేలలో ఉండే పసుపు అక్కడ నిలిచిందంటే ఆ ఊట చేయి కూడా ఉంది. కాలువ నీళ్లు ఒక ఆఫీసు లెక్క, బావి నీళ్లు ఇంకో ఆఫీసు లెక్క అయితే, కాలువలో 'నష్టం' అని రాసుకున్న నీళ్లే బావుల దగ్గర 'రాబడి' అవుతాయి. రేపు కాలువకు సిమెంటు లైనింగు పూర్తిగా వేసి నీళ్లు ఆదా చేశామనుకుంటే, పక్క ఊరి బావి ఎండుతుంది. లైనింగు వద్దని నేననడం లేదు. వేసే ముందు రెండు పుస్తకాలూ ఒక్కచోట పెట్టి చూడమంటున్నా.

ఒక్క మాట మంచినీళ్ల గురించి కూడా. గ్రానైటులోని కొన్ని ఖనిజాల నుంచి ఫ్లోరైడు నీళ్లలోకి కరుగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. కాబట్టి మట్టంతో పాటు నీటి పరీక్ష కూడా చేయించాలి.

భూగర్భ జల శాఖ వాళ్లు గొట్టపు బావుల్లో మట్టం కొలుస్తారు. వానలకు ముందు మే, వానలు వెళ్లాక నవంబరు కొలతలు అన్నిటికన్నా ముఖ్యం. మీ బడి పక్క బావిని మీరూ కొలవొచ్చు, పెద్దవాళ్లను తోడు పెట్టుకుని. మోటర్ ఆపి కొన్ని గంటలయ్యాక, బరువు కట్టిన టేపు దింపండి. టేపు చివరి మీటరుకు సుద్ద పూస్తే ఎంతవరకు తడిసిందో తెలుస్తుంది. బావి గోడ ఎత్తు తీసేసి, నేల మట్టం నుంచి లోతు రాయండి. అదే రోజు ఊరి చెరువు మత్తడికి ఎన్ని అడుగులు తక్కువ ఉందో, ఆ నెల ఎంత వాన పడిందో పక్కనే రాయండి. తేదీ మరవకండి.