గలిజేరు అంటే ఒక మొక్క కాదు, రెండు! మరి కిడ్నీలకి ఏది?

నా చేతిలో ఉన్న ఈ రెండు తీగల్నీ ఒకసారి చూడండి. రెండూ మా వీధి చివర ఖాళీ ప్లాట్‌లోనే దొరికాయి, రెండూ నేల మీద పరుచుకునే పెరుగుతాయి. ఎవర్నడిగినా రెండిటికీ ఒకటే పేరు చెప్పారు, గలిజేరు అని. కానీ ఇవి ఒకే కుటుంబం మొక్కలు కూడా కావు. కోడింగ్‌లో రెండు వేరియబుల్స్‌కి ఒకే పేరు పెడితే ఏమవుతుందో, ఇక్కడా అదే అయింది.

మా ఇంట్లో జరిగిందే చెప్తా. ఆ మధ్య మా బాబాయికి క్రియాటినిన్ పెరిగిందని తెలిసింది. వారం తిరక్కుండా ఫ్యామిలీ గ్రూప్ నిండా వీడియోలే. తెల్ల గలిజేరు కషాయం తాగితే డయాలసిస్ అవసరమే లేదట! పిన్ని పాపం రోజూ పొద్దున్నే పొలం గట్టు మీద కోసుకొచ్చి మరిగించి ఇచ్చేది. మూడు వారాల తర్వాత టెస్ట్ చేయిస్తే పొటాషియం ఎక్కువ వచ్చింది. ఆకు వల్లేనని డాక్టర్ గారు అనలేదు గానీ, ముందు అది ఆపేయండి అన్నారు. అప్పుడొచ్చింది నాకు డౌటు, అసలు పిన్ని కోసింది ఏ మొక్క?

మొదటిది అటికమామిడి. ఎర్ర గలిజేరు అనేది దీన్నే. సంస్కృతంలో పునర్నవ, సైన్స్ పేరు బోర్హేవియా డిఫ్యూసా. కాగితం పూల చెట్టుకి, చంద్రకాంతకి ఇది చుట్టం. ఎండాకాలంలో పైనంతా ఎండిపోయినా లోపల వేరు బతికే ఉంటుంది, తొలకరి పడగానే మళ్ళీ చిగురేస్తుంది. అందుకే పునర్నవ. ఆయుర్వేదంలో వాపులకి ఇచ్చే పునర్నవాసవం, పునర్నవ మండూరం దీంతో చేసేవే.

రెండోది తెల్ల గలిజేరు, అంబటిమాడు అని కూడా అంటారు. దీని సైన్స్ పేరు ట్రయాంథిమా పోర్చులకాస్ట్రమ్. నోరు తిరగదు, వదిలేయండి. చేలల్లో రైతుకి ఇది పెద్ద కలుపు. లేత ఆకు పప్పులో వేసుకుంటారు.

ఎలా గుర్తుపట్టాలి? ఎరుపు, తెలుపు అని రంగు చూసి మాత్రం తేల్చకండి. తెల్ల గలిజేరులోనే ఎర్ర కాడలతో, గులాబీ పూలతో ఉండే రకం ఒకటుంది. పువ్వు ఎక్కడుందో చూడండి. అటికమామిడికి సన్నటి పొడవాటి కాడల చివర బుల్లి బుల్లి పూలు, గింజలు జిగురుగా ప్యాంటుకి అంటుకుంటాయి. తెల్ల గలిజేరుకి కాడే ఉండదు, పువ్వు ఆకు మొదట్లో నక్కి కూర్చుంటుంది. ఆకు కూడా గంగవాయిలి కూరలా కండగా ఉంటుంది.

పిన్ని పంపిన ఫోటోలో ఉన్నది కండ ఆకు. అంటే పునర్నవ అనుకుని తాగించింది తెల్ల గలిజేరు. అసలు పునర్నవే అయినా సేఫ్ అని కాదు, దాంట్లోనూ పొటాషియం లవణాలు ఉంటాయి. మామూలు మనిషికి ఎక్కువైన పొటాషియాన్ని కిడ్నీలు బయటికి పంపేస్తాయి. దెబ్బతిన్న కిడ్నీలు ఆ పని చేయలేవు, రక్తంలో పేరుకుంటే గుండె కొట్టుకునే లయే తప్పొచ్చు. పైగా తెల్ల గలిజేరులో ఆక్సలేట్ ఎక్కువ. కిడ్నీ రాళ్ళలో ఎక్కువగా కనిపించేవి కాల్షియం ఆక్సలేట్ రాళ్ళే! రాళ్ళు కరగాలని ఈ ఆకు రసం తాగేవాళ్ళు ఈ ముక్క కాస్త ఆలోచించండి. ఇక డయాలసిస్ మాన్పించడం అంటారా, ఈ రెండిట్లో ఏ మొక్కకీ అంతటి ఆధారం లేదు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఎప్పుడైనా కూరగా తింటే ఇబ్బంది లేదు. లేత ఆకే కోయండి, ఒకసారి ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే ఆక్సలేట్, పొటాషియం రెండూ కొంత తగ్గుతాయి. కషాయంలో జరిగేది దీనికి రివర్సు, పారబోయాల్సిన నీళ్ళనే తాగుతున్నాం.

పిన్ని ఆ గట్టు మీద ఆకు ఇంకా కోస్తూనే ఉంది, పప్పులోకి. బాబాయికి మాత్రం వేరే గిన్నెలో సొరకాయ.