పేరు ‘వే’... ధర వేలు... రుచి ఎవరిది?

పలమనేరు: తెల్లవారుజామున నాలుగున్నరకే పల్లెల్లో తారురోడ్ల మీద పరుగుల చప్పుడు మొదలవుతోంది. కానిస్టేబుల్ ఉద్యోగానికో, అగ్నివీర్ ఎంపికకో 1600 మీటర్ల పరుగు సాధన చేసే కుర్రాళ్లు వీళ్లు. పరుగు ముగిశాక ఇదివరకైతే ఇంటికెళ్లి రాగి అంబలి తాగేవారు. ఇప్పుడు చాలామంది సంచిలోంచి ప్లాస్టిక్ సీసా తీసి, పొడి వేసి, నీళ్లు పోసి, మూత బిగించి, గిలక్కొట్టి అక్కడికక్కడే తాగేస్తున్నారు. ఆ పొడి పేరు ‘వే ప్రోటీన్’. పేరుకు తగ్గట్టే కిలో డబ్బా ధర వేలల్లో ఉంటోంది.

ఈ కుర్రాళ్లలో చాలామంది ఇళ్లలో రెండు మూడు ఆవులున్నాయి. ఉదయం, సాయంత్రం కేంద్రానికి పాలు పోస్తే వచ్చే బిల్లే ఇంటి ఖర్చుకు ఆధారం. అందులోంచే డబ్బాకు ఇచ్చుకోవలసి వస్తోందని తల్లులు వాపోతున్నారు. పాలమ్మిన డబ్బుతో పాల నీళ్ల పొడి కొనడమన్నమాట! ఇంతా చేసి కొన్నాక అసలు తగాదా రుచి దగ్గర వస్తోంది. ఒకరి డబ్బా చాక్లెట్‌లా కమ్మగా ఉంటుంది. ఇంకొకరిది సుద్దనీళ్లలా ఉంటుంది. మరొకరిది నోట పెట్టలేనంత చేదు. కమ్మగా ఉన్నదే మంచి సరుకని కొందరు, చేదుగా ఉంటేనే మందులా పనిచేస్తుందని మరికొందరు వాదులాడుకుంటున్నారు. రెండు వాదాలూ నిలిచేవి కావు.

గడ్డ పోగా మిగిలిన నీరు

పాలు విరిగితే గడ్డ ఒకవైపు, పలచటి నీళ్లు ఒకవైపు అవుతాయి. లేత ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో ఉండే ఆ నీళ్లే ‘వే’. ఆ రంగు పాలలోని బి-2 విటమిన్ వల్ల వచ్చేది. చీజ్ తయారుచేసే కర్మాగారాల్లో పది లీటర్ల పాలు పోస్తే ఇంచుమించు ఒక కిలో చీజ్, తొమ్మిది లీటర్ల ఈ నీళ్లు వస్తాయి. ఒకప్పుడు పాశ్చాత్య దేశాల్లో దీన్ని పందులకు పోసేవారు, కాలువల్లోకి వదిలేసేవారు. 1970ల నుంచి అతి సన్నని రంధ్రాలున్న పొరల గుండా వత్తిడితో వడగట్టే పద్ధతి వ్యాపించింది. నీరు, పాల చక్కెర, ఉప్పు పదార్థాలు పొర దాటి పోతాయి. మాంసకృత్తులు ఇవతలే నిలిచిపోతాయి. మిగిలినదాన్ని వేడిగాలిలో తుంపరగా చల్లితే పొడి అవుతుంది. పారబోసిన నీళ్లకే ఇంత ధర పలుకుతుందని అప్పట్లో ఎవరూ అనుకొని ఉండరు.

మన పక్కనే పలమనేరులో పాల కర్మాగారం ఉన్న పరాగ్ సంస్థ కూడా మహారాష్ట్రలోని మంచర్‌లో చీజ్ చేస్తూ, ‘అవతార్’ పేరుతో ఈ పొడిని అమ్ముతోంది. అముల్ కూడా ఈ వ్యాపారంలోకి దిగింది.

ఇంట్లో పన్నీరు విరిచిన నీళ్లు కూడా ఇదే కదా అని గృహిణులకు అనుమానం రావచ్చు. జాతి ఒకటే గానీ సారం తక్కువ. పన్నీరుకు పాలను బాగా కాచి విరుస్తారు గనుక ‘వే’లోని మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం గడ్డతోనే వెళ్లిపోతాయి. పన్నీరు తిన్నవాడికి అవి ఎలాగూ అందుతాయన్నమాట.

అవ్వ నాలుకకు పరీక్ష

నలభై ఏళ్లుగా పాలు పిండుతున్న ఒక అవ్వకు మనవడు, అతని స్నేహితులు ఇంటి అరుగు మీద అయిదు గ్లాసుల్లో అయిదు రకాలు కలిపి ఇచ్చారు. డబ్బాల పేర్లు ఆమెకు తెలియవు. పాలలో చెంబెడు నీళ్లు కలిస్తే నాలుక మీద వేసుకొని చెప్పగల మనిషి గనుక తీర్పు ఆమెకే వదిలేశారు.

మొదటిది ఏ వాసనా కలపని ‘కాన్సన్‌ట్రేట్’. నూటికి ఎనభై పాళ్లు మాంసకృత్తులు, మిగిలినదాంట్లో కొంత పాల చక్కెర, కొంత కొవ్వు, కొంత తేమ ఉండే రకం. “పాలపొడి కలిపిన నీళ్ల మాదిరి ఉండాది. కడాన అట్టపెట్టె వాసన వస్తాంది” అన్నది అవ్వ. ఆమె మాటలో తప్పు లేదు. పాలరుచి వచ్చేది ఆ మిగిలిన కొవ్వు, చక్కెరల వల్లనే. పొడి పాతబడేకొద్దీ, ఎండకు, గాలికి గురైనకొద్దీ ఆ కొవ్వు పాడై అట్టముక్క వాసన ఎక్కువవుతుంది. డబ్బా మూత తీసి వాసన చూస్తే ఈ సంగతి ఎవరికైనా తెలిసిపోతుంది.

రెండోది ‘ఐసొలేట్’. ఇంకా వడగట్టి కొవ్వు, చక్కెర దాదాపు తీసేసి, మాంసకృత్తులను 90 శాతం దాకా తెచ్చిన రకం. అవ్వ ఒక గుక్క తాగి గ్లాసు లోపలికి చూసింది. “ఇందులో ఏముందిరా నాయనా, గిన్నె కడిగిన నీళ్లా?” అంది. “ముందరి దానికన్నా దీనికే రేటెక్కువ అవ్వా” అని మనవడు చెబితే అరుగంతా నవ్వులే. కానీ నిజమదే. రుచి తగ్గినకొద్దీ ధర పెరిగే విచిత్రమైన సరుకు ఇది. పాలు తాగితే కడుపు ఉబ్బరం, విరేచనాలు అయ్యేవారికి మాత్రం ఈ రకమే కొంత నయం. వారికి పడనిది పాల చక్కెర. అది ఇందులో బహు తక్కువ.

మూడోది నోట్లో పోసుకోగానే ఉమ్మేసింది. “కాకరకాయ ఉడకబెట్టిన నీళ్లు గదరా!” అని కోప్పడింది. అది ‘హైడ్రోలైజేట్’. త్వరగా అరగాలని మాంసకృత్తులను ఎంజైములతో ముందే చిన్న చిన్న తునకలు చేసిన రకం. నిండు మాంసకృత్తులో లోపల దాగి ఉండే కొన్ని భాగాలు ముక్కలు చేసేసరికి బయటపడి నాలుకకు తగులుతాయి. చేదు అక్కడిది. మందు గుణానికీ ఆ చేదుకూ సంబంధం లేదు.

నాలుగోది చాక్లెట్ కలిపిన కాన్సన్‌ట్రేట్. సగం గ్లాసు తాగింది. కాసేపటికి పెదవులు తడుముకొని “మింగినాక కూడా తీపి పోలేదే?” అని అడిగింది. అయిదోది నారింజ వాసనతో రసంలా తేటగా ఉండే కొత్త రకం. “నిమ్మకాయ నీళ్లనుకున్నా. పచ్చి నేరేడుకాయ నమిలినట్టు నోరు పట్టేసింది” అని పక్కన పెట్టేసింది. పొడి నీళ్లలో తేటగా కరగాలని అందులో పులుపు ఎక్కువ వేస్తారు. ఆ పులుపులో ఈ మాంసకృత్తులు మన లాలాజలాన్ని పట్టేసి నోరు ఎండినట్టు చేస్తాయి. వగరు అందుకే.

ఆ తీపి పాలది కాదు

డబ్బా మీద ముందువైపు బొమ్మ చూసి కొంటున్నారు గానీ, చదవవలసింది వెనకవైపు. 955 అనే అంకె ఉంటే అది సుక్రలోజ్. పంచదార కన్నా దాదాపు 600 రెట్లు తీపి. చిటికెడు చాలు. అవ్వకు నోట్లోంచి పోనిది ఈ తీపే. 950 ఉంటే ఎసిసల్ఫేమ్, 960 ఉంటే స్టీవియా ఆకు సారం. స్టీవియా వేసిన పొడి తాగితే చివర అతిమధురం వేరు నమిలినట్టు ఉంటుంది. కొందరికి నచ్చుతుంది, కొందరికి వికారం. చేదును దాచడంలో చాక్లెట్‌ను మించింది లేదు. కోకో స్వతహాగా చేదే గనుక ఇంకో చేదు దానిలో కలిసిపోతుంది. వెనీలాకు ఆ శక్తి లేదు.

చిక్కదనం సంగతి మరీ తమాషా. గ్లాసులో చిక్కగా నిలబడితే బలమైన సరుకని కుర్రాళ్ల నమ్మకం. ఆ చిక్కదనం చాలాసార్లు 412 అనే అంకెది. అంటే గ్వార్ గమ్, మన గోరుచిక్కుడు గింజల బంక. ఐసొలేట్ పలచగా ఉండటం దాని సహజ గుణం. పలచగా ఉందని కల్తీ అనుకోనక్కరలేదు.

నాలుక పట్టలేని మోసం

పాసిపోయిన సరుకును నాలుక పట్టేస్తుంది. అసలు మోసాన్ని పట్టలేదు. మాంసకృత్తులను నేరుగా కొలవడం కష్టం గనుక చాలాచోట్ల నత్రజనిని కొలిచి లెక్క కడతారు. నత్రజని ఉన్న చౌక పదార్థం ఏది కలిపినా కాగితం మీద అంకె పెరుగుతుంది. గ్లైసిన్ అలాంటిదే. పైగా అది తియ్యన! కలిపినకొద్దీ రుచి బాగుపడుతుందే గానీ చెడదు. 2008లో చైనాలో పసిపిల్లల పాలపొడిలో మెలమైన్ కలిపి ప్రాణాలు తీసిన వ్యవహారం వెనక ఉన్నదీ ఈ నత్రజని లెక్కే. మన దేశంలో దొరికే 36 రకాల ప్రోటీన్ పొడులను కేరళ వైద్యుల బృందం పరీక్షించి 2024లో ఫలితాలు ప్రకటించింది. ఇంచుమించు 70 శాతం డబ్బాల మీద రాసిన మాంసకృత్తుల లెక్క సరిగా లేదని తేలింది. రాసినదానిలో సగమే ఉన్నవీ వాటిలో ఉన్నాయి.

కనుక రుచి చూసి నాణ్యత చెప్పగలనని ఏ దుకాణదారుడన్నా నమ్మరాదు. 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు సంఖ్య, తయారైన తేదీ, మూత కింద చెక్కుచెదరని సీలు, కొన్నందుకు బిల్లు... కనీసం ఇవి చూసుకోవాలి. జిమ్ముల్లో పెద్ద డబ్బా విప్పి కవర్లలో పోసి అమ్మే విడి పొడికి ఇవేవీ ఉండవు. రుచి పడుతుందో లేదో తెలియనివారు కిలో డబ్బా మీద వేలు పోసే బదులు, ఒక్కపూటకు సరిపడే పొట్లం కొని చూడటం మేలు.

జున్ను గడ్డకట్టినట్టే

వేడి పాలలో పొడి వేస్తే ముద్దలు కట్టి పారబోశామని చాలామంది చెబుతున్నారు. పొడి కల్తీదని దుకాణానికి తిరిగి తెచ్చినవారూ ఉన్నారట. ఇందులో కల్తీ ఏమీ లేదు. ఈనిన ఆవు జున్నుపాలు ఆవిరికి ఎందుకు గడ్డకడతాయి? వాటిలో ‘వే’ జాతి మాంసకృత్తులు మామూలు పాలలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. వేడి తగిలితే అవి ఒకదానికొకటి అల్లుకుపోతాయి. డబ్బాలోని పొడిదీ అదే స్వభావం. వేలు పెట్టి తట్టుకోగలిగే గోరువెచ్చదనం దాటకూడదు. అంబలిలో కలుపుకొనేవారు అది చల్లారాకే కలపాలి. వాసన కలపని రకం అంబలిలో బాగా ఇమిడిపోతుందని, రాగి రుచి కింద దాని రుచి తెలియదని వాడినవారు చెబుతున్నారు. చాక్లెట్ రకం అంబలిలో వేస్తే మాత్రం రెండూ చెడతాయి.

ముప్పావు లీటరు పాల లెక్క

ఒక గరిటె పొడిలో ఉంటాయని చెప్పే మాంసకృత్తులు సుమారు 24 గ్రాములు. ముప్పావు లీటరు ఆవుపాలలో ఉండేవీ ఇంచుమించు అన్నే. వంద గ్రాముల వేరుశనగ పప్పులోనూ దాదాపు అంతే. కాకపోతే దానితో పాటు నూనె కూడా వస్తుంది. వంద గ్రాముల ఉలవల్లో 22 గ్రాముల దాకా ఉంటాయి. భారత వైద్య పరిశోధన మండలి లెక్క ప్రకారం పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు చాలు. 60 కిలోల మనిషికి 50 గ్రాములన్నమాట. కసరత్తు గట్టిగా చేసేవారికి ఇంకొంత ఎక్కువ కావచ్చు. పొడిలోని మాంసకృత్తులు త్వరగా అరుగుతాయి, కండరాలకు కావలసిన లూసిన్ వాటిలో ఎక్కువ. ఈ రెండు గుణాలనూ కాదనడానికి లేదు. అయితే హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో, ఒళ్లు పెంచడానికి ఇలాంటి పొడులు వాడవద్దనే చెప్పింది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా వీటి జోలికి పోరాదు.

అరుగు మీద పరీక్ష ముగిశాక ఆ మనవడి స్నేహితుల్లో ఇద్దరు చాక్లెట్ డబ్బా మానేసి వాసన కలపని రకానికి మారారు. మరొకడు పూటకు అర లీటరు పాలు, గుప్పెడు వేయించిన వేరుశనగలు మొదలుపెట్టాడు. కేంద్రానికి పోసే పాలలో రోజుకు లీటరు తగ్గిందని వాళ్లమ్మ గొణుగుతోంది.