ట్రాలీ చక్రములకు రంగు వేయించుటకు ముందు

గ్రామ పంచాయతీకి సొంత ట్రాక్టరు ఉండుట ఒకప్పుడు అరుదైన విషయము. 2019లో ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద తెలంగాణలోని పంచాయతీలు ట్రాక్టరును, ట్రాలీని, నీటి ట్యాంకరును సమకూర్చుకొన్నవి. చెత్త తరలించుటకు, మొక్కలకు నీరు పోయుటకు ఈ వాహనములు నిత్యము తిరుగుచుండును. చెత్తనుండి కారు మురుగు, ట్యాంకరునుండి చిందు నీరు, వానకాలపు బురద ముందుగా తాకునది చక్రములనే. కొన్ని సంవత్సరములు గడచునప్పటికి రంగు పెచ్చులు లేచి త్రుప్పు బయటపడును. అప్పుడు పంచాయతీ సమావేశములో చక్రములకు రంగు వేయింపవలెనను మాట వచ్చును.

ఖర్చు స్వల్పము, తీర్మానము సులభము. కాని ఈ చిన్న పనిలో ఒక మనిషి ప్రాణము ఇమిడి యున్నదని సభ్యులందరు ఎరుగవలెను. చక్రము విప్పువాడు దాని నిర్మాణము తెలిసి విప్పినచో ఇది సామాన్యమైన పని. తెలియక విప్పినచో అంతకు మించిన ప్రమాదము వేరొకటి లేదు.

చక్రములో ఎన్ని ముక్కలు?

సామాన్యమైన కారు చక్రమునకు రిమ్ము ఒకే ముక్కగా ఉండును. దాని నడుమ పల్లము ఉండుటచేత టైరు అంచును ఆ పల్లములోనికి జార్చి, కడ్డీతో ఎత్తి బయటకు తీయవచ్చును. ట్యూబుతో నడచు లారీ తరగతి టైర్ల అంచులు మిక్కిలి బిరుసైనవి. వానిని అట్లు ఎత్తుటకు వీలులేదు. అందుచేత రిమ్ముయొక్క ఒక అంచును విడదీయుటకు వీలుగా చేయుదురు. ఈ విధమైన చక్రములు అనేక ట్రాలీలకును, ట్యాంకర్లకును ఉండును.

ఇందు ముఖ్య భాగములు రిమ్ము, టైరును ప్రక్కనుండి ఆపు రింగు, ఆ రింగును కదలనీయని లాక్ రింగు. కొన్నిటిలో రెండు రింగుల పనిని ఒకే రింగు చేయును. రింగు కూర్చుండుటకు రిమ్ము అంచున సన్నని గాడి ఉండును. ఆ రింగును పట్టియుంచుటకు బోల్టు గాని, మేకు గాని లేదు. గాడియొక్క ఆకారము, లోపలి గాలి ఒత్తిడి, ఈ రెండే దానిని నిలుపుచున్నవి.

ఎడ్లబండి చక్రమునకు ఇనుప పట్టాను కాల్చి తొడుగుదురు. చల్లారిన పట్టా కఱ్ఱను లోనికి నొక్కి పట్టును. ఇక్కడ దానికి విపర్యయముగా గాలి వెలుపలికి నెట్టుచు రింగును గాడిలో బిగించుచున్నది. గాడి త్రుప్పుతో అరిగినను, రింగు వంగినను ఆ బిగింపు చెడును. అప్పుడు రింగు తుపాకి గుండువలె ఎగిరిపోవును.

మీ ట్రాలీ చక్రము ఏ జాతిదో తెలిసికొనుట కష్టము కాదు. రిమ్ము అంచున ఉన్న రింగులో ఒకచోట చీలిక కనిపించినచో అది ముక్కల చక్రమే. ట్రాక్టరు వెనుక చక్రమునకు రిమ్మును, నడిమి డిస్కును బోల్టులతో కలిపియుందురు గాని టైరును ఆపుటకు విడి రింగు ఉండదు. ఆ రెంటిని ఒకటిగా తలపరాదు.

గాలి బలము ఎంత?

లారీ తరగతి టైరులో గాలి ఒత్తిడి చదరపు అంగుళమునకు సుమారు 100 పౌనులు, అనగా చదరపు సెంటీమీటరునకు 7 కిలోలు ఉండును. ఈ లెక్కన అరచేయి అంత చోటుపై, అనగా 100 చదరపు సెంటీమీటర్లపై, 700 కిలోల బలము పడుచున్నది. ఇది 50 కిలోల బియ్యపు బస్తాలు 14 పేర్చిన బరువు. ట్రాలీ టైరులో గాలి ఇందు సగమే యున్నదనుకొన్నను, ఆ అరచేయి చోటుపై 7 బస్తాల బరువు తగ్గదు. చక్రము ముందు కూర్చుండి నట్లు విప్పువాని ముఖమునకు ఎదురుగా ఉన్నది ఈ బలమే.

ఇట్టి చక్రములవలన పనివారు మరణించుచుండగా అమెరికా ప్రభుత్వము 1980లో వీనికై ప్రత్యేక భద్రతా నియమములు జారీ చేసినది. ఇచ్చట మేము చెప్పు జాగ్రత్తలలో పెక్కు ఆ నియమములలో నున్నవే.

పని చేయవలసిన క్రమము

వాహనమును గట్టి చదును నేలపై నిలిపి, తక్కిన చక్రములకు అడ్డుకట్టెలు పెట్టవలెను. నట్లను ముట్టకముందే వాల్వు పిన్నును తీసి గాలినంతను విడువవలెను. చప్పుడు ఆగినంతమాత్రమున గాలి పోయినదని నమ్మరాదు. వాల్వులో మట్టి అడ్డుపడి యుండవచ్చును. సన్నని తీగను లోనికి పోనిచ్చి చూచిన పిదపనే జాకీ వేసి చక్రమును విప్పవలెను.

విడదీసిన ముక్కలకు సుద్దతో గుర్తులు పెట్టి, ఒక చక్రపు ముక్కలను ఒకేచోట ఉంచవలెను. ఒకదాని రింగు వేరొకదానికి సరిపోయినట్లు కనిపించినను, తయారీలో ఏ కొంచెము భేదమున్నను అది గాడిలో నిలువదు.

పిదప తీగ బ్రష్షుతోను, గరుకు కాగితముతోను త్రుప్పును పూర్తిగా గీకివేయవలెను. గాడిలోని మట్టి, త్రుప్పు పొర, అంటుకొన్న రబ్బరు ముక్క, ఏదియు మిగులరాదు. లోహము మెరయునట్లు శుభ్రమైన తరువాత పగటి వెలుతురులో పరీక్షింపవలెను. బోల్టు రంధ్రముల చుట్టును, డిస్కు అతుకు వెంటను, గాడి మూలలోను సన్నని పగుళ్లు ఉన్నవేమో, రంధ్రములు కోలగా సాగినవేమో చూడవలెను. రంగు వేయుటవలన కలుగు గొప్ప ప్రయోజనము ఈ పరీక్షయే. త్రుప్పుపైననే రంగు పూసినచో చక్రము అందముగా కనిపించును, పగులు మాత్రము కంటికి మరుగై పెరుగుచుండును.

పగిలిన, వంగిన, గాడి అరిగిన ముక్కను వెల్డింగు చేయింపరాదు, కాల్చి సరిచేయింపరాదు. దానిని పారవేయవలెను. వేరొకరు ఏరుకొని వాడకుండునట్లు కోసి పారవేయుట మేలు. టైరు తొడిగియున్న రిమ్ముకు వెల్డింగు పెట్టుట మరింత అపాయము. వేడికి లోపలి రబ్బరు వాయువులు వెలువరించి టైరు ప్రేలవచ్చును.

బాగుగానున్న ముక్కలకు రెడ్ ఆక్సైడ్ ప్రైమరును పలుచగా పూసి, ఆరిన పిదప ఎనామిల్ రంగు వేయవలెను. గాడిలోను, రింగు ఆనుచోటను పలుచని ప్రైమరు చాలును. నట్లు కూర్చుండుచోట దళసరి రంగు పనికిరాదు. బరువు పడగానే ఆ రంగు నలిగి నట్లు వదులగును. చక్రము బిగించిన మొదటి దినపు పని ముగియగానే నట్లను మరల బిగించి చూడవలెను.

గాలి నింపునప్పుడు

ప్రమాదము విప్పుటలో ఎంత కలదో నింపుటలోను అంత కలదు. చక్రమును బలమైన ఇనుప బోనులో నుంచి, పొడవైన గొట్టముతో, వాల్వుకు తనంత తాను పట్టుకొను క్లిప్పుతో గాలి నింపవలెను. మనిషి రింగునకు ఎదురుగా నిలువరాదు. రింగు సరిగా కూర్చుండలేదని తోచినచో గాలినంతను విడిచి మరల అమర్చవలెను. గాలి ఉండగా సుత్తితో కొట్టి సర్దుట ప్రాణాపాయము.

కార్ల అల్లాయ్ చక్రముల మాట

మన యువకులు కార్లకు వాడు అల్లాయ్ చక్రములలోను ముక్కలవి కలవు. వీనిలో నడిమి భాగమును, చుట్టు భాగములను అనేకమైన చిన్న బోల్టులతో కలిపి, గాలి కారకుండ సీలు పూయుదురు. అల్యూమినియమును కాస్టిక్ సోడా తినివేయును, మంటతో కాల్చుట దాని బలమును తగ్గించును. కావున వీనికి రంగు వేయువారు అతుకుచోట్ల రంగు చేరనీయక, పాత సీలును తీసి క్రొత్తది పూసి, తయారీదారు చెప్పిన కొలత ప్రకారము బోల్టులను బిగింపవలెను. ఇనుమైనను అల్లాయ్ అయినను, ముక్కలు కలియుచోటనే చక్రపు బలము గాని బలహీనత గాని ఉండునని మరువరాదు.

పంచాయతీ చేయవలసినది

రంగుకు తీర్మానము చేయునప్పుడే ఆ పని ఎవరు చేయుదురో, వారివద్ద ఇనుప బోను కలదో లేదో విచారింపవలెను. ఒక్కొక్క పంచాయతీ బోనును కొనలేకున్నచో ఇరుగుపొరుగు పంచాయతీలు కలిసి ఒకటి చేయించుకొనవచ్చును. గాలి కొలుచు గేజి ఒకటి ట్రాక్టరులోనే ఉండవలెను. చక్రము ఎప్పుడు విప్పినది, ఏ ముక్క మార్చినది ఒక పుస్తకములో వ్రాసియుంచవలెను. తక్కువ ధర చెప్పినవానికన్న గాలి తీసి పని ఆరంభించువానిని ఎంచుకొనుట ఉత్తమము.

ట్రాక్టరు పంచాయతీది కావచ్చును. చక్రము ముందు మోకరిల్లువాడు మన ఊరి డ్రైవరో, పారిశుద్ధ్య కార్మికుడో, అడ్డరోడ్డులో పంక్చరు షాపు పెట్టుకొన్న పిల్లవాడో అయి యుండును. అతడు సాయంత్రము క్షేమముగా ఇల్లు చేరునట్లు చూచుటకూడ పంచాయతీ బాధ్యతయే.